బడి మొహం చూడని పెద్దావిడకు ఈ మతిమరుపు పరీక్ష సరిపోతుందా?

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అనుమానం వస్తే డాక్టర్లు ఎక్కువగా వాడే పరీక్షల్లో ఎంఎంఎస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) ఒకటి. 1975లో అమెరికాలో తయారైన 30 మార్కుల పరీక్ష. అందులో 100 నుంచి ఏడేసి తీసేస్తూ పోతే 5 మార్కులు, ‘కళ్లు మూసుకోండి’ అని రాసి ఉన్నది చదివి అలా చేస్తే 1, ఒక వాక్యం రాస్తే 1, బొమ్మ చూసి గీస్తే 1. ఎప్పుడూ పలక పట్టని మనిషికి ఈ ఎనిమిదీ పోయాయనుకోండి, మిగతావన్నీ తడుముకోకుండా చెప్పినా వచ్చేది 22. 24 కంటే తగ్గితే అనుమానించాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క! సంతలో చిల్లర పొల్లుపోకుండా చూసుకునే ఆవిడే, వందలోంచి ఏడు తియ్యి, మళ్లీ ఏడు తియ్యి అంటే ఎందుకడుగుతున్నారో అర్థంకాక ఊరుకుంటుంది. అటు రిటైరైన మాస్టారికేమో నిజంగా మతిమరుపు మొదలైనా 27, 28 వచ్చేస్తాయి, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు.

ప్రశ్నల్ని తెలుగులోకి మార్చినంత మాత్రాన ఇది తీరదు. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం హిందీ పరీక్ష తయారుచేసినవాళ్లు ఏడేసి తీసివేతకు బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు, చదివించకుండా తామే కళ్లు మూసి చూపించి అలా చేయమన్నారు, వాక్యం రాయమనకుండా ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని చదువురాని అక్కడి వృద్ధులకే పెట్టి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మామూలుగా ఎన్ని వస్తాయో తెలియకుండా జబ్బని ఎలా అంటాం?

తెలుగులో పని జరగలేదని కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఐదు భాషల్లో చేయించిన పరీక్షల్లో తెలుగు కూడా ఉంది. అవి పెద్ద ఆస్పత్రుల న్యూరాలజీ విభాగాలు దాటి జిల్లా ఆస్పత్రి ఓపీ దాకా రావాలి, అక్కడి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, మార్కుల పక్కన ఎన్నేళ్లు చదివారో తప్పకుండా రాయాలి.

విదేశాల్లో పిల్లల దగ్గరున్న తల్లిదండ్రుల సంగతి ఇంకో రకం. కొడుకో కూతురో పక్కన కూర్చుని డాక్టరు ప్రశ్నల్ని తెలుగులో చెబుతూ, తెలియకుండానే జవాబు అందించేస్తారు. ఆస్పత్రి ఏర్పాటుచేసే దుబాసీని అడగండి. మీరు మాత్రం వాళ్లు ఇదివరకు చేసుకునే ఏ పని ఇప్పుడు చేయలేకపోతున్నారో, ఎప్పటి నుంచో డాక్టరుకు వివరంగా చెప్పండి.