రిటైరయ్యాక బయటపడే జబ్బులు

దుమ్ములో పనిచేసే మనిషికి జబ్బు ఉద్యోగంలో ఉండగానే రావాలని లేదు. సిలికా దుమ్ము పీల్చడం ఆగిపోయాక కూడా ఊపిరితిత్తులు పాడవుతూనే ఉండొచ్చు. ఆస్‌బెస్టాస్ అనే నార రాయి తెచ్చే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆ రాయి తవ్వినవాళ్లను ఇప్పటికీ వెతికి పరీక్షించాల్సింది అందుకే.

మనిషిని ఏళ్ల తరబడి వదలకుండా గమనిస్తే ఏం తెలుస్తుందో బ్రిటన్ చూపించింది. అక్కడ రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే పరిశోధకులు 1951లో డాక్టర్లకు సిగరెట్ అలవాటు గురించి ప్రశ్నలు పంపారు. 34,439 మంది మగ డాక్టర్ల వివరాలను 50 ఏళ్లపాటు సేకరించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో సంబంధం తొలి మూడేళ్లలోనే కనిపించింది. కానీ సిగరెట్ మానని వారి ఆయుష్షు సగటున పదేళ్లు తగ్గుతోందని, 40 ఏళ్ల వయసులో మానేస్తే అందులో తొమ్మిదేళ్లు దక్కుతాయని తేలింది 2004లో. మధ్యలో ఆపేసి ఉంటే ఈ లెక్క దొరికేది కాదు.

1967లో లండన్ ప్రభుత్వోద్యోగులపై మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఇంకో నమ్మకాన్ని తలకిందులు చేసింది. టెన్షన్ అంతా పెద్ద సార్లదే, గుండెపోటూ వాళ్లకే అనుకునేవారు (మన ఆఫీసుల్లో ఇప్పటికీ అనుకుంటారు). తీరా చూస్తే గుండె జబ్బుతో మరణాలు పైఅధికారుల కంటే అట్టడుగు గ్రేడు సిబ్బందిలో దాదాపు మూడు రెట్లు. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో ఎక్కువ భాగం అలాగే మిగిలింది. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, తన పని మీద తనకు అధికారం లేకపోవడం కూడా గుండెకు చేటేనని మైకేల్ మార్మట్ బృందం గుర్తించింది.

మన దగ్గర ఇలా ఏళ్ల తరబడి సాగే అధ్యయనానికి సింగరేణి బొగ్గు గనుల కంటే అనువైన చోటు కనిపించదు. తరాలుగా ఒకే కంపెనీ, సొంత ఆసుపత్రులు, పైగా 1955 నాటి గనుల నిబంధనల ప్రకారం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష. అయితే ఆ పరీక్ష అడిగేది ఒక్కటే: ఈ మనిషి పనికి ఫిట్టా, అన్‌ఫిట్టా? ఇక అన్‌ఫిట్ అని తేల్చే మెడికల్ బోర్డు అనగానే కార్మిక కుటుంబాలకు గుర్తొచ్చేది, అలా తేలితే వారసుడికి దక్కే ఉద్యోగం. అందులో వారి తప్పేమీ లేదు. ఆరోగ్య వివరాలను బతుకుదెరువుతో ముడిపెట్టాక నిజం చెప్పడానికి ఎవరైనా వెనకాడతారు.

అందుకే ఈ అధ్యయనాన్ని యాజమాన్యానికి అప్పగించకూడదు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ లాంటి బయటి సంస్థ చేయాలి. వ్యక్తిగత వివరాలు కంపెనీ కంటపడకూడదు. మొత్తం ఫలితాలు మాత్రం కార్మిక సంఘాలకు, కంపెనీకి ఒకే రోజు అందాలి. రిటైరైన వాళ్లను పరీక్షలకు పిలవాలి, రానుపోను చార్జీలివ్వాలి. ముఖ్యంగా, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా రికార్డుల్లోంచి జారిపోయే కాంట్రాక్ట్ కార్మికుల పేర్లు మొదటి రోజే ఎక్కాలి. కంపెనీలో తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. కాబట్టి ఖర్చు ఎవరు భరించాలన్న తగువు కూడా అక్కర్లేదు.