పాటల పుస్తకానికి వెల పెట్టండి

సంగీత కార్యక్రమాల్లో ప్రత్యేక సంచికను (సావనీర్‌ను) ఉచితంగా పంచే ఆనవాయితీని ఒడిశాలోని మన తెలుగు సంఘాలు మానుకోవాలి. బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా నా మాట ఇదే. దాని బదులు పాటల సాహిత్యంతో పుస్తకం వేసి ధర పెట్టాలి. హాలు గుమ్మం దగ్గర బల్ల వేసి అమ్మాలి. అచ్చు ఖర్చు పోగా వచ్చిన సొమ్ము ఆ రాత్రే కళాకారుల చేతికి అందాలి. "పిలిచి కూర్చోబెట్టిన వారికి పుస్తకం అమ్మడం మర్యాదేనా?" అని పెద్దలు అడుగుతారని తెలుసు. వారి పట్టింపును గౌరవిస్తాను. అయితే ఉచితంగా పంచాలంటే అచ్చు ఖర్చు ప్రకటనల నుంచి రావాలి. ప్రకటనదారుల పేజీలు నిండాక పాటకు చోటు మిగలదు.

ఇంట్లో ఉన్న పాత సంచికను ఒకసారి తెరిచి చూడండి. అట్ట మీద సరస్వతీదేవి. లోపల ప్రముఖుల శుభాకాంక్షలు, ఆ తర్వాత కార్యవర్గ సభ్యుల ఫొటోలు వరసగా. నగల దుకాణం, చీరల దుకాణం, కోచింగ్ సెంటర్, కల్యాణ మండపం. ఎక్కడో మధ్య పేజీలో గాయని పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో "వాద్య సహకారం" అని ఒకటి రెండు పేర్లు, ఆపైన "తదితరులు". విజయనగరం నుంచి మృదంగం ఒళ్లో పెట్టుకుని రైల్లో వచ్చిన మనిషి ఆ "తదితరులు"లో ఉంటాడు. ఆయన వాయించిన పాటల జాబితా మాత్రం ఎక్కడా ఉండదు. కార్యక్రమం ముగిశాక కుర్చీల కింద చూస్తే పుస్తకాలు పడి ఉంటాయి. ఉక్కపోసినప్పుడు విసనకర్రగా పనికొచ్చినవి కూడా అక్కడే ఉంటాయి. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఆ కాగితానికీ అచ్చుకూ ఎవరో ఒకరు డబ్బు పోసే ఉంటారు కాబట్టి.

డబ్బిచ్చి కొన్న పుస్తకాన్ని తెలుగువాళ్లు ఎలా దాచుకున్నారో మన ముందు తరానికి బాగా తెలుసు. సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. పల్చటి కాగితం, పిన్నులు కొట్టిన నాలుగైదు ఆకులు. మొదట కథా సంగ్రహం, సరిగ్గా చిక్కుముడి పడేచోట ఆపి "తరువాయి కథ వెండితెరపై చూడండి" అని ఒక వాక్యం, ఆ తర్వాత పాటలు, ప్రతి పాట కింద రాసినవారి పేరు, పాడినవారి పేరు. అణాల కాలంలో కొన్న ఆ పుస్తకాలను ఇప్పటికీ ఇనప్పెట్టెలో దాచుకున్న ఇళ్లు బరంపురంలో ఉన్నాయి. బడికి సరిగా వెళ్లని ఆడవాళ్లు ఆ పాటలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నారు. నోటికి వచ్చిన పాట కళ్ల ముందు అక్షరాల్లో కనిపిస్తే, ఏ అక్షరం ఏదో మనసు తనంతట తానే పోల్చుకుంటుంది.

ఇప్పుడు మన పిల్లలకు కావలసింది సరిగ్గా అదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురం ఇటు కలిసినప్పటి నుంచి మనం ఇక్కడ అల్పసంఖ్యాకులం. అప్పట్లో ఉన్నన్ని తెలుగు బడులు ఇప్పుడు లేవు. పిల్లలు ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. అన్నమయ్య కీర్తన చరణంతో సహా పాడే అమ్మాయి ఆ కీర్తనను కాగితం మీద చూసి చదవలేకపోతోంది. అలాంటి పిల్ల చేతికి పదహారు పేజీల ప్రకటనల పుస్తకం ఇచ్చి ఏం లాభం?

అందుకే పాటల పుస్తకం రెండు లిపుల్లో ఉండాలంటున్నాను. సాహిత్యం తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక వరస, దాని కిందే అదే వరస ఒడియా లిపిలో. కొందరు మిత్రులు ఒడియా లిపి ఒక్కటీ చాలంటారు, అది చాలదు. ఒడియాలో ఎ, ఏ అనే తేడా లేదు, ఒ, ఓ అనే తేడా లేదు. "నెల" అని రాసినా "నేల" అని రాసినా అక్కడ రూపం ఒకటే. "కొన", "కోన"ల సంగతీ అంతే. పైగా మనం "అ" అని పలికేచోట ఒడియా నోట గుండ్రటి "ఒ" వినిపిస్తుంది. పైన తెలుగు వరస ఉంటే పిల్లలు రెండింటినీ పోల్చుకుంటారు, పాట తెలిసినది కాబట్టి తప్పెక్కడ పడుతోందో చెవే చెబుతుంది. ఎదురు పేజీలో ఒడియాలో భావం కూడా ఇస్తే మన పక్కింటివాళ్లూ కొంటారు. మన కచేరీలకు ఒడియావాళ్లు వస్తారు, మన గాయకుల వెనుక తబలా వాయించేవారిలో ఒడియావాళ్లు ఉన్నారు. వారికి ఇంతవరకు మనం ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 18వ శతాబ్దంలో సంగీతకర్త హాండెల్ లండన్‌లో ఇటాలియన్ ఒపెరాలు (సంగీత నాటకాలు) ప్రదర్శించినప్పుడు వినడానికి వచ్చినవారిలో చాలామందికి ఆ భాష రాదు. నాటకశాలలో పాటల పుస్తకం అమ్మేవారు. ఒక పేజీలో ఇటాలియన్, ఎదురు పేజీలో ఇంగ్లీషు. అప్పట్లో ప్రేక్షకులు కూర్చున్న చోట కూడా దీపాలు వెలుగుతూనే ఉండేవి కాబట్టి పుస్తకం చూసుకుంటూ వినేవారు. పాశ్చాత్య గాత్ర కచేరీల్లో సాహిత్యాన్ని అచ్చు వేసి ఇవ్వడం ఇప్పటికీ ఉంది. కాగితాల చప్పుడు గాయకులకు అడ్డు తగలకుండా, పాట ముగిసేదాకా పేజీ తిప్పవద్దని అడుగున విన్నపం కూడా వేస్తారు. మనం కూడా ఒక పాట ఎదురెదురు పేజీల్లోనే ముగిసేలా అమర్చుకోవాలి. హాల్లో లైట్లన్నీ ఆర్పేయడం మానాలి. వేదిక మీది వెలుగుకు అదనంగా గోడవార లైట్లు వెలిగితే కచేరీకి వచ్చే లోటేమీ లేదు.

ఇక డబ్బు సంగతి. పాశ్చాత్య బృందాలు కచేరీలో టీషర్టులు, పుస్తకాలు అమ్మితే అందులో హాలు యజమానులు వాటా పట్టుకోవడం అక్కడ రివాజు. దాని మీద కళాకారులు గట్టిగానే పోరాడారు. బ్రిటన్‌లో ఫీచర్డ్ ఆర్టిస్ట్స్ కోయలిషన్ అనే కళాకారుల సంస్థ, అలా వాటా తీసుకోని హాళ్ల జాబితాను 2022లో మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కచేరీలు నిర్వహించే పెద్ద సంస్థ లైవ్ నేషన్ అమెరికాలో తన చిన్న క్లబ్బుల్లో వాటా తీసుకోవడం మానింది. మన ఊళ్లలో ఇంత వ్యాపారం లేదు గానీ, గాయని తన సీడీలు, పెన్ డ్రైవులు పెట్టుకోవడానికి బల్ల అడిగితే "స్పాన్సరు స్టాలుకే చోటు చాలలేదు" అని తిప్పి పంపిన సంఘాన్ని నేనెరుగుదును. పాట పాడే మనిషికి గుమ్మం దగ్గర ఒక బల్ల ఇవ్వలేమా? పుస్తకం మీద అచ్చు ఖర్చు పోగా మిగిలినదంతా కళాకారులదే. వారు తెచ్చుకున్న వస్తువుల మీద మనకు పైసా వాటా వద్దు.

టీషర్టులు, కప్పుల జోలికి మనం వెళ్లనక్కర్లేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడిదే ఏదైనా అమ్మాలనుకుంటే మన నేతవారు ఉన్నారు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర బుఢీ ఠాకురాణి యాత్రకు పెద్దరికం వహించేది నేతవారే. గుడి శిఖరంలాంటి కుంభ అంచుతో వారు నేసే బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చీర కొనే తాహతు అందరికీ ఉండదు. మిగిలిన అంచు ముక్కతో, పాటల పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకునే పట్టీ ఒకటి కుట్టిస్తే కళాకారుల బల్ల మీదే నేతవారి సరుకూ కాస్త అమ్ముడవుతుంది.

ఒక జాగ్రత్త. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగరాజు, 1915లో పోయిన గురజాడ, వీరి రచనలు అచ్చు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సినిమా పాటల విషయం వేరు. రచయిత మరణించాక 60 ఏళ్లదాకా సాహిత్యం మీద హక్కు ఉంటుంది. కృష్ణశాస్త్రి గారు 1980లో కన్నుమూశారు, కనుక 2040 చివరిదాకా ఆయన పాట పూర్తిగా వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. అనుమతి దొరకకపోతే పల్లవి మొదటి మాటలు, రచయిత, సంగీత దర్శకుల పేర్లు వేసి ఊరుకుందాం. కవి పేరు లేకుండా పాట వేయడం మాత్రం ఏ సందర్భంలోనూ తగదు.

అట్ట మీద సంవత్సరం తప్పకుండా వేయండి. పాత కరపత్రాల్లో "ఆదివారం సాయంత్రం 6 గంటలకు" అని ఉంటుంది, నెల, తేదీ కూడా ఉంటాయి, ఏ ఏడాదో ఉండదు. మన ఊళ్లో ఎవరెప్పుడు పాడారో రాయాలని కూర్చున్నవారికి అవి చేతిలో ఉండి కూడా అక్కరకు రావు. పక్కవాద్యాల వారందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా వేయండి. "తదితరులు" అనే మాట మన పుస్తకాల్లో ఇక కనిపించకూడదు.

ధర 30 రూపాయలు చాలు. పిన్నులు కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి కాబట్టి 24 పేజీలకు కట్టడి చేద్దాం. అందులో ప్రకటనలకు వెనక అట్ట ఒక్కటే. చిల్లర గొడవ లేకుండా బల్ల మీద క్యూఆర్ కోడ్ పెడదాం. మిగిలిన ప్రతులు పారేయకుండా మరుసటి కచేరీలో అదే ధరకు అమ్ముదాం. ఉగాది కార్యక్రమానికి గాయకులు పాటల జాబితా నెల ముందే ఇవ్వాలి. ఒడియా లిపిలో ప్రూఫులు నేను దిద్దుతాను. బల్ల దగ్గర కూర్చోవడానికి ప్లస్ టూ చదివే పిల్లలు ఇద్దరు కావాలి, ఒకరికి తెలుగు, ఒకరికి ఒడియా చదవడం వస్తే చాలు.