సంబంధాల కోసం డాక్టరు దగ్గర కూడా దాస్తున్నాం

ఒడిశా సరిహద్దు ఊరైన పర్లాకిమిడిలో మాకు బాగా కావలసిన ఒక ఇంట్లో ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీ వెనక స్టీలు డబ్బాలో ఉంటాయి. ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి పెళ్లిమాటలకి ఎవరైనా వస్తున్నారంటే ఆ డబ్బా పక్కింటి ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతుంది. షుగర్ ఉన్నది చిన్నపిల్లకి, సంబంధం చూస్తున్నది దాని అక్కకి. తమ్ముడికి ఉబ్బసం కూడా ఉంది. "రెండూ కలిపి చూస్తే వాళ్ల రక్తమే అంత అనేస్తారు పిన్నీ" అంది వాళ్లమ్మ. ఆమె భయం నాకు అర్థమవుతుంది. ఆసుపత్రిలో "ఇంట్లో ఇంకెవరికైనా ఏమైనా ఉందా?" అని అడిగినప్పుడు కూడా "ఎవరికీ ఏమీ లేదండీ" అని చెప్పి రావడమే నన్ను బాధపెట్టింది. ఇటు గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇది ఒక్క చోట జరిగేది కాదు.

రక్తంలో ఉందన్న మాటలో కొంత నిజం ఉంది. పిల్లలకి ఎక్కువగా వచ్చే టైప్ వన్ షుగర్ తీపి తినడం వల్ల వచ్చేది కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడి వాటిని చంపేస్తాయి. అలర్జీలో అదే వ్యవస్థ దుమ్ము మీదా, పుప్పొడి మీదా అనవసరంగా విరుచుకుపడుతుంది. చాలాకాలం ఈ రెండింటినీ తక్కెడ సిబ్బెలుగా చూశారు, ఒకటి దిగితే రెండోది లేస్తుందని. 1986లో మాస్మన్, కాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో టీ కణాలనే రోగనిరోధక కణాల్లో రెండు రకాలున్నాయని చూపించాక, టైప్ వన్‌ది ఒక రకం, అలర్జీది మరో రకం అనుకుని ఆ నమ్మకం బలపడింది. తీరా జన్యువులు వెతికితే లెక్క అంత తేలిగ్గా తేలలేదు. ఐఎల్2ఆర్ఏ, బాక్2 లాంటి జన్యువుల దగ్గరి తేడాలు రెండు జబ్బుల్లోనూ కనిపించాయి. 17వ క్రోమోజోము మీద ఒక చోట మాత్రం ఉబ్బసం ముప్పు పెంచే రూపమే టైప్ వన్ ముప్పును కొంత తగ్గిస్తుంది.

రెండు జబ్బుల చుట్టరికం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఫాక్స్‌పీ3 అనే జన్యువులో. అది పాడైతే రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టే కణాలు సరిగ్గా తయారుకావు. అలా పుట్టిన మగపిల్లల్లో చాలామందికి నెలల వయసులోనే షుగర్, ఒళ్లంతా ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి, ఆగని విరేచనాలు వస్తాయి. రక్తంలో అలర్జీకి గుర్తయిన ఐజీఈ కూడా బాగా పెరుగుతుంది. ఈ కణాల సంగతి తేల్చినందుకే 2025లో బ్రంకో, రామ్స్‌డెల్, సకాగుచిలకి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఇది చాలా అరుదైన జబ్బు. మన పిల్లల్లో కనిపించే మామూలు టైప్ వన్‌కి ఇలా ఒక్క జన్యువును పట్టుకుని చూపించలేం.

టైప్ వన్‌కి పుట్టుకతో వచ్చే ముప్పులో పెద్ద వాటా ఆరో క్రోమోజోము మీదున్న, రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువులది. ముప్పు పెంచే ఆ రూపాలు ఉన్నవాళ్లలో చాలామందికి జన్మలో టైప్ వన్ రాదు. టైప్ వన్ వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లల్లో అంతకుముందు అది ఎవరికీ లేదు. అచ్చంగా ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి వచ్చి తీరాలని లేదు. మరి ఏ లెక్కన ఒక పిల్లకి షుగర్ ఉందని వాళ్లక్క సంబంధం తప్పిపోవాలి?

సరిహద్దు మనుషులం కాబట్టి మనకి ఇట్టే అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. ఫిన్లాండ్‌కీ రష్యాకీ నడుమ కరేలియా ప్రాంతం. గీతకి ఇటూ అటూ ఉన్నవాళ్ల జన్యువులకి దగ్గర పోలిక ఉంది. అయినా 2005లో వచ్చిన పరిశోధన ప్రకారం ఫిన్లాండ్‌లో పిల్లలకి టైప్ వన్ రష్యా వైపు కరేలియా కంటే ఆరు రెట్లు ఎక్కువ. అలర్జీలూ ఫిన్లాండ్ వైపే ఎక్కువ. చిన్నతనంలో ఎదురయ్యే సూక్ష్మజీవుల తేడా కారణం కావచ్చని పరిశోధకుల అనుమానం. జన్యువులు అలాంటివే అయినా బతుకు మారితే రెండు జబ్బులూ కలిసి పెరిగాయంటే, ఇక వంశాన్ని తిట్టి ఏం లాభం?

దాచడం వల్ల ప్రాణాపాయం ఎక్కడొస్తుందో చెబుతాను. ఇన్సులిన్ బొత్తిగా లేకపోతే రక్తంలో ఆమ్లాలు పేరుకుని పిల్ల వేగంగా, లోతుగా ఊపిరి తీస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉంటే "మళ్లీ ఆయాసమే" అనుకుని నెబ్యులైజర్ పెట్టేస్తారు. ఉబ్బసంలో పిల్లికూతలు వినిపిస్తాయి. షుగర్ వల్ల వచ్చే ఈ ఆయాసంలో సాధారణంగా ఉండవు. దానికితోడు వాంతులు, కడుపునొప్పి, నోటి నుంచి పండు వాసన ఉండొచ్చు. అంతకుముందు కొన్నాళ్లుగా పిల్ల చెంబులకి చెంబులు నీళ్లు తాగుతూ ఉంటుంది, ఒళ్లు తగ్గిపోతుంది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. వేలి మీద ఒక్క రక్తపు బొట్టు తీసి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. అప్పుడు బరంపురమో వైజాగో వెంటనే బయల్దేరొచ్చు. ఇంట్లో ఒక పిల్లకి షుగర్ ఉందని ముందే తెలిసిన డాక్టరైతే, తోబుట్టువు ఆయాసంతో వచ్చినా ఆ బొట్టు తీసి చూడాలని తోస్తుంది.

మన తెలుగు సంఘం కార్యవర్గాన్ని ఒకటి కోరుతున్నాను. ఈ ఏడాది ఆరోగ్య శిబిరంలో పెద్దలకి బీపీ, షుగర్ చూసే బల్లల పక్కన పిల్లలకీ ఒక బల్ల వేయండి. దాని మీద గ్లూకోమీటరుతో పాటు తెలుగులో అచ్చువేసిన చిన్న కాగితం ఉండాలి: ఇంట్లో ఎవరికి షుగర్, ఎవరికి థైరాయిడ్, ఎవరికి ఉబ్బసం, ఎవరికి ఎగ్జిమా అని. ఆ కాగితం డాక్టరు చేతికే వెళ్లాలి, చుట్టూ చేరినవాళ్ల కంట పడకూడదు. నింపడానికి సాయం చేయడానికి నేను వస్తాను, ఆవకాయ జాడీ వెనక డబ్బా దాచే ఆ తల్లినీ వెంటబెట్టుకొస్తాను.