డ్రైవర్లకు పుట్టినతేదీ ధ్రువపత్రం

కొత్తదల్లా మంచిదేనన్న మూఢనమ్మకం ఊరూవాడా ప్రబలిన ఈ రోజుల్లో, పాతకు పట్టం కట్టే మహత్తర సంస్థ ఒకటి మన కంప్యూటర్లలోనే చడీచప్పుడు లేకుండా పనిచేస్తోంది. దాని పేరు డ్రైవర్ అప్‌డేటర్. కీబోర్డు, స్పీకర్ లాంటి పరికరాలను కంప్యూటర్ చేత పలికించే చిన్న ప్రోగ్రాములు డ్రైవర్లు; వాటిని కొత్తవిగా మారుస్తానని చెప్పుకునే సాఫ్ట్‌వేర్ ఇది. దానికి జరగాల్సిన సన్మానం జరగలేదు.

దాని పనితనం చూడండి. స్కాన్ నొక్కగానే పచ్చగీత ఒకటి గబగబా పాకుతుంది, ఆపైన తెర ఎర్రబడుతుంది. 'మీ గ్రాఫిక్స్ డ్రైవర్ బాగా పాతబడింది, సిస్టమ్ ప్రమాదంలో ఉంది' అంటుంది. ఎడమ గడిలో మీ దగ్గరున్నది: 2024 నాటిది. కుడి గడిలో తను దయచేయబోయేది: 2022 నాటిది. మధ్యలో బాణం గుర్తు, కింద 'ఇప్పుడే అప్‌డేట్ చేయండి' అన్న బటన్. నొక్కితే కార్డు నంబరు అడుగుతుంది. గిట్టనివాళ్లు దీన్ని బెదిరింపు అన్నారు. మైక్రోసాఫ్ట్ కూడా వాళ్ల పక్షానే చేరి, ఉచిత స్కాన్‌తో హడలగొట్టి పెయిడ్ వెర్షన్ అంటగట్టే ప్రోగ్రాములను 2018 మార్చి 1 నుంచి విండోస్‌లోని రక్షణ ప్రోగ్రాము విండోస్ డిఫెండర్ ఏరేస్తుందని ప్రకటించింది. కళాపోషణ అడుగంటిన కాలం!

పోనీ, విండోస్ ఏమైనా తక్కువ తిందా? రెండు డ్రైవర్లలో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వస్తే, పరికరం గుర్తింపు సంఖ్యతో ఏది ఎక్కువ సరిపోయిందో ముందు చూస్తుంది. అక్కడ తేలకపోతే తేదీ చూసి కొత్తదాన్ని ఎంచుకుంటుంది. తేదీ కూడా ఒకటే అయితే, అప్పుడు వెర్షన్ నంబరు. అందుకే లాప్‌టాప్ కంపెనీ తన మోడల్‌కు కొలతలు తీసి ఎప్పుడో కుట్టిచ్చిన డ్రైవర్ ముందు, చిప్ చేసినవాళ్లు నిన్న విడుదల చేసింది బలాదూర్ కావచ్చు. పొద్దున మీరు కష్టపడి కొత్తది ఎక్కిస్తే, రాత్రి విండోస్ అప్‌డేట్ వచ్చి పాతదాన్ని కూర్చోబెట్టి పోయిన సందర్భాలు లోకంలో కోకొల్లలు.

ఇక ఆ తేదీల సంగతి. మా తరంలో సగంమంది జూన్‌లోనే పుట్టారు. బడిలో వేసిన రోజున హెడ్మాస్టరు గారి కలానికి ఏది తోస్తే అది మా పుట్టినతేదీ. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి కీబోర్డు డ్రైవర్ తేదీ చూడండి: 2006 జూన్ 21. మౌస్‌దీ అదే. డిస్క్‌దీ అదే. విండోస్ 11లోనూ అదే. తయారీదారు ఇచ్చిన డ్రైవర్ ఎదురైతే అదే నెగ్గాలని మైక్రోసాఫ్ట్ కావాలనే తనవాటికి పాత తేదీ వేసింది. ఇంటెల్ ఇంకో అడుగు ముందుకేసి, కాదు, వెనక్కేసి, తన చిప్‌సెట్ ఫైళ్లకు 1968 జూలై 18 వేసింది. అది కంపెనీ పుట్టినరోజు. చంద్రుడి మీద మనిషి ఇంకా కాలు పెట్టని రోజులవి. ఆ తేదీ కంటబడితే అప్‌డేటర్ బెంబేలెత్తిందంటే తప్పు దానిదా?

నిపుణులు మాత్రం తయారీదారు సైటుకెళ్లి మోడల్ నంబరు కొట్టి తెచ్చుకోమంటారు, సజావుగా నడుస్తుంటే ముట్టుకోవద్దంటారు. చాదస్తం. పాతది ఎక్కించుకుంటే లాభాలు లేవా? స్పీకర్ మూగబోతుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. వైఫై కనబడకుండా పోతుంది. అప్పుడిక కొత్త డ్రైవర్ దింపుకునే దారే ఉండదు గనక ఎటు తేల్చుకోవాలన్న బాధా ఉండదు. మునుపటి డ్రైవర్‌ను తిరిగి తెచ్చే 'రోల్ బ్యాక్ డ్రైవర్' అన్న బటన్ ఒకటి ఉంది గానీ, సరిగ్గా మనకు అక్కరపడ్డ నాడే అది బూడిదరంగులో నిద్రపోతుంటుంది.

ఇంతటి సంప్రదాయవాది అయిన అప్‌డేటర్ ఒక్క విషయంలో మాత్రం మహా ఆధునికం. తన సొంత కొత్త వెర్షన్ వచ్చిందంటే గంటలోపే కబురు పెడుతుంది. మీ చందా గడువు ఏ రోజున తీరుతుందో చెప్పడంలో అయితే ఒక్క పూట కూడా తేడా రానివ్వదు.