లిఫ్ట్ అడిగినవాడి రుణం

శ్రీశైలం నుంచి దిగివచ్చే రోడ్డు దోర్నాల దగ్గర కర్నూలు–గుంటూరు రోడ్డులో కలుస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం వినుకొండ బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సు ఎప్పుడో చెప్పేవాళ్లు లేక, ఆ కూడలిలో నిలబడి వచ్చిన ప్రతి బండికీ చేయి ఊపాను. కార్లు ఆగలేదు. తాడేపల్లిగూడెం మార్కెట్‌కు కర్నూలు ఉల్లిగడ్డలు తీసుకెళ్తున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడికి, ఏం పని, బ్యాగులో ఏముంది అని మూడు ప్రశ్నలు అడిగి, క్లీనరును పక్కకు జరగమన్నాడు. త్రిపురాంతకం దాటేదాకా ఆయన పెద్దగా మాట్లాడలేదు. వినుకొండలో దిగుతూ రెండు వందలు ఇవ్వబోతే, "ఉంచుకోండి సార్, మీరెక్కారని బండి డీజిల్ ఎక్కువ తాగిందా?" అన్నాడు.

దారిలో మనుషులను ఎక్కించుకుని ఎంతో కొంత పుచ్చుకోవడం లారీల వాళ్లకు కొత్త కాదు. సరుకు బండిలో ప్రయాణికులను ఎక్కించడాన్ని చట్టం ఒప్పుకోకపోయినా, బస్సులు తక్కువగా తిరిగే చోట జనం గడిచేది అలాగే. ఆయన కూడా ఆ డబ్బు తీసుకుని ఉంటే నేను మరుసటి రోజుకే ఆ ప్రయాణాన్ని మరిచిపోయేవాణ్ణి. తీసుకోలేదు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ క్యాబిన్‌లోని ఉల్లిఘాటు, అద్దానికి వేలాడుతున్న ఎండిపోయిన బంతిపూల దండ గుర్తున్నాయి. డబ్బు చేసే గొప్ప పని లెక్క తెంచడం. ఇచ్చేశాక ఎవరికి ఎవరూ ఏమీ కారు. నగర జీవితం మనకిచ్చే స్వేచ్ఛలో చాలా భాగం ఇలా లెక్క తెగిపోవడం వల్ల వచ్చిందే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ప్రతి లెక్కనూ అక్కడికక్కడే తెంచుకుంటూ బతికే మనిషికి, తనను గుర్తుపెట్టుకునేవాళ్లూ, తాను గుర్తుపెట్టుకోవలసినవాళ్లూ క్రమంగా తగ్గిపోతారు. ఇంగ్లీషువాళ్లు హిచ్‌హైకింగ్ అనే ఈ లిఫ్ట్ ప్రయాణంలో దొరికే తృప్తి డబ్బు మిగలడం వల్ల వచ్చేది కాదనీ, తీర్చలేని ఒక చిన్న రుణం మనసులో మిగలడం వల్ల వచ్చేదనీ నా అభిప్రాయం.

ఈ సంగతిని భూదానోద్యమం నడిపిన వినోబా భావే బాగా ఎరిగినవాడు. 1962లో సతీశ్ కుమార్, ఇ.పి. మేనన్ అనే ఇద్దరు యువకులు అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఢిల్లీలోని రాజ్‌ఘాట్ నుంచి మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్‌లకు పాదయాత్ర తలపెట్టి ఆశీస్సుల కోసం వెళితే, వెంట చిల్లిగవ్వ కూడా తీసుకెళ్లవద్దని ఆయన షరతు పెట్టాడు. జేబులో డబ్బుంటే అలసిన రాత్రి హోటల్లో తిని, గది తీసుకుని పడుకుంటారు, తెల్లవారి లేచి వెళ్లిపోతారు. డబ్బు లేకపోతే ఎవరో ఒకరి తలుపు తట్టక తప్పదు, తట్టాక మాట్లాడక తప్పదు అన్నది ఆయన తర్కం. వాళ్లు లిఫ్టుల మీద ఆధారపడలేదు, నేలదారి ఎక్కువగా నడిచే వెళ్లారు. అయినా అపరిచితుల దయ మీద ఆధారపడే ఏ ప్రయాణానికైనా ఆ షరతు వర్తిస్తుందనుకుంటాను. పాకిస్తాన్ సరిహద్దు దగ్గర ఒక స్నేహితురాలు దారిలో తినడానికి ఆహార పొట్లాలు కట్టి ఇస్తే, అవి అన్నం పొట్లాలు కావు, అపనమ్మకం పొట్లాలు అంటూ సతీశ్ వాటిని తీసుకోలేదు. అవతల పాకిస్తాన్‌లో వాళ్లకు తిండీ, పడకా దొరికాయి.

ఆ యాత్రలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది ఒక తేయాకు ఫ్యాక్టరీ. నల్లసముద్రం ఒడ్డున, అప్పటి సోవియట్ జార్జియాలో, ఆ ఫ్యాక్టరీలో పనిచేసే స్త్రీలు వీళ్ల కథ విని, ఒకామె లోపలికి వెళ్లి నాలుగు టీ పొట్లాలు తెచ్చింది. అవి వీళ్లకు కాదు, నాలుగు అణ్వస్త్ర దేశాల అధినేతలకు. ఎప్పుడైనా అణుబాంబు మీట నొక్కాలనే పిచ్చి ఆలోచన వస్తే, ఒక్క క్షణం ఆగి ఈ టీ తాగమని చెప్పండి అని ఆమె కోరింది. చేతిలో పైసా లేని ఆ ఇద్దరికీ అప్పటినుంచి మోయవలసిన బరువొకటి దొరికింది. డబ్బిచ్చి తింటూ, గదులు తీసుకుంటూ నడిచే యాత్రికుడి చేతిలో ఎవరైనా అలాంటి బరువు పెడతారా?

అయితే ఈ తృప్తిని ఎవరికి బోధిస్తున్నామన్నది చూసుకోవాలి. ఆ ఇద్దరూ డబ్బును వదులుకున్నారు. డబ్బే లేనివాడు దేన్నీ వదులుకోలేదు. 2010లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ అమెరికాలో ఏటా సుమారు 75 వేల డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెద్దగా పెరగదని తేల్చారు. 2023లో కానెమన్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ఆ లెక్కను తానే సవరించుకుని, చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుందని ఒప్పుకున్నాడు. కాబట్టి డబ్బుతో ఏముందిలే అని ఉన్నవాడు లేనివాడికి చెప్పడం అన్యాయం.

దయ మీద నడిచే ఏర్పాట్లలోని మరో లోటు మనకు బాగా తెలుసు. ఒకప్పుడు మన ఊళ్లలో పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. అలా చదివి పైకి వచ్చినవాళ్లు తమకు అన్నం పెట్టిన ఇల్లాలిని ముసలితనంలో కూడా తలచుకునేవారు. ఆ తలపు నిజమైనదే, గొప్పదే. కానీ ఆ వంటింటి గడప ఏ కులం పిల్లవాడికి తెరుచుకుందో, ఎవరికి మూసుకుందో కూడా నిజమే. గడప దాటనివ్వని పిల్లలకు చదువు అందింది సంక్షేమ హాస్టళ్లు వచ్చాక. ఉన్నవాళ్లు లేనివాళ్లకు భూమి దానమివ్వాలని వినోబా నడిపిన భూదానం కథా అంతే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడిన క్షణానికి చరిత్రలో చోటుంది. దేశమంతటా దానంగా వచ్చిన భూముల్లో సాగుకు పనికిరానివీ, పేదలకు చేరనివీ కూడా చాలానే ఉన్నాయి.

రోడ్డు మీద ఈ లోటు ఆడవాళ్లకు ప్రాణాంతకం కూడా. 2008లో ఇటలీ కళాకారిణి పిప్పా బాక్కా మనిషిని నమ్మవచ్చని చూపడానికి పెళ్లి దుస్తుల్లో లిఫ్టులు అడుగుతూ మిలాన్ నుంచి పశ్చిమాసియా వైపు బయలుదేరింది. టర్కీలో ఆమెను హత్య చేశారు. దోర్నాలలో ఆ సాయంత్రం నా స్థానంలో నా చెల్లెలు ఉంటే ఆ లారీ ఎక్కమని నేను చెప్పగలిగేవాణ్ణి కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది కూడా డబ్బు లేని ప్రయాణమే, కానీ అందులో ఎవరి దయకోసమూ చేయి ఊపనక్కరలేదు. తృప్తి గురించి ఎంత రాసినా నేను ముందు బస్సునే కోరతాను.

బస్సు వెళ్లని చోట ఏం చేయాలన్నది అప్పుడు మిగిలే ప్రశ్న. సోవియట్ కూటమి కూలి ఇంధనం కరువైన 1990లలో క్యూబా ప్రభుత్వం రోడ్ల పక్కన పసుపు దుస్తుల ఉద్యోగులను నిలబెట్టి, ఖాళీ సీట్లతో వెళ్లే ప్రభుత్వ వాహనాలను ఆపి జనాన్ని ఎక్కించింది. పోలండ్‌లో 1950ల చివర మొదలైన ఆటోస్టాప్ పథకంలో లిఫ్ట్ అడిగేవాళ్లు ఒక కూపన్ల పుస్తకం కొనుక్కునేవారు. దాంతోపాటే బీమా ఉండేది. ప్రయాణించిన దూరానికి తగిన కూపన్లు డ్రైవరుకు ఇస్తే, వాటికి బహుమతులు ఉండేవి. కూపన్ రాగానే ఇందులోకి మళ్లీ లెక్క ప్రవేశించినట్టే. అయినా ఎక్కినవాడెవరో, ఎక్కించుకున్నవాడెవరో ఒక నమోదు ఉండటం వల్ల భయం కొంతైనా తగ్గుతుంది. మన దగ్గర పెద్ద రోడ్డు నుంచి ఊరికి మూడు నాలుగు కిలోమీటర్లు ఉండి, సాయంత్రం కళాశాల పిల్లలు తెలిసినవాళ్ల బైకుల కోసం ఎదురుచూసే కూడళ్లు ఎన్నో. పంచాయతీ అక్కడొక దీపం, ఒక అరుగు ఏర్పాటు చేసి, ఎక్కించుకునే ఊరివాళ్ల పేర్లు, బండి నంబర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచడానికి అయ్యే ఖర్చు ఎంత?