పచ్చిక లేని పట్టభద్రులు

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ పచ్చికబయళ్ళ, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుండి మన గొర్రెల కాపరుల అజ్ఞానం గురించి నాకు దిగులు ఎక్కువైంది. తాతల నాటి నుండి ఎండనక, వాననక మందల వెంట నడుస్తున్న ఈ జనానికి గొర్రెలను మేపడమైతే వచ్చును గానీ ‘సుస్థిర మేత నిర్వహణ’ రాదు. 2019 నాటి పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ 1.91 కోట్లతో దేశంలో మొదటి స్థానంలోనూ, ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండవ స్థానంలోనూ ఉన్నాయి. ఇన్ని కోట్ల జీవాలు ఒక్క ధ్రువపత్రమైనా లేని మనుషుల చేతుల్లో ఇంతకాలం ఎలా బతికి బట్టకట్టాయో తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. కాబట్టి దసరా వెళ్ళిన వారం ఒక జిల్లా కేంద్రంలో కాపరులకు రెండు రోజుల శిక్షణ శిబిరం జరుగుతున్నదని తెలియగానే, గడ్డికీ నాకూ ఏ సంబంధమూ లేకపోయినా, పరిశీలకుడి హోదాలో హాజరయ్యాను.

శిబిరం ఏసీ హాలులో జరిగింది. తొమ్మిదిన్నరకు మొదలు కావలసిన సభ, జ్యోతి ప్రజ్వలనా సన్మానాలూ ముగిసి పదకొండున్నర దాటాక దారిలో పడింది. భుజాల మీద నల్ల గొంగళ్ళతో వచ్చిన అరవై మంది ఎదుట, అదే హాలులో చలికి వణుకుతున్న వక్తలకు శాలువాలు కప్పారు. ఆ గొంగళ్ళు దక్కనీ గొర్రె ఉన్నితో నేసినవి. మోటు ఉన్ని, నల్ల రంగు, కరువును తట్టుకునే ఒళ్ళు, ఎంత దూరమైనా నడిచే కాళ్ళు ఆ జాతి లక్షణాలని మొదటి వక్త తెర మీద బొమ్మలు చూపించి వివరించారు. బొమ్మలోని గొర్రెను ఎక్కడో చూసినట్టుందని ముందు వరుసలో ఒక ముసలాయన పక్కవాడితో అన్నాడు.

తర్వాతి పాఠం వంతులవారీ మేత. పచ్చికను ముక్కలుగా విభజించి, విద్యుత్ కంచెలు వేసి, మందను ఒక్కొక్క ముక్కలో కొద్దిరోజులు మేపి, మిగిలిన ముక్కలకు విశ్రాంతి ఇవ్వాలన్నది దాని సారం. ఈ విద్యకు పేరుపడ్డ గురువు జింబాబ్వేకు చెందిన ఆలన్ సేవరీ. ఏనుగుల వల్లనే నేల బీడువారుతున్నదని నమ్మి, తన యౌవనంలో దాదాపు 40,000 ఏనుగులను చంపించడానికి కారకుడై, ఆ తర్వాత అది ఘోరమైన పొరపాటని తానే బహిరంగంగా ఒప్పుకున్న మనిషి ఆయన. మంద ఒకచోట గుమిగూడి, గడ్డి తిని, నేలను తొక్కి, పేడా మూత్రమూ వదిలి, వెంటనే ముందుకు కదిలిపోతే బీడు తిరిగి పచ్చబడుతుందని ఇప్పుడు ఆయన బోధ. ఆయన చెప్పే ఫలితాలను ఒప్పుకోని శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు గానీ, శిబిరంలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక్క ఏనుగునైనా చంపని మన కాపరికి గురుపీఠం దక్కకపోవడంలో ఆశ్చర్యమేముంది? పశ్చాత్తాపపడడానికి ఏమీ లేనివాడి మాట ఎవరు వింటారు?

మన కాపరి చేసే పనిలో శాస్త్రీయత ఎంత తక్కువో చూడండి. పంట కోసిన చేలో ఆసామి పిలిస్తే రాత్రికి మంద పెడతాడు. తెల్లవారితే ఆ చేను వదిలి మేతకు కదులుతాడు, మర్నాటి రాత్రికి మందను పక్క తావుకు జరుపుతాడు. పెంటా మూత్రమూ నేలలోకే పోతాయి కనుక ఆసామికి ఎరువు మోసే బండి అక్కరలేదు, కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది, మోళ్ళూ రాలిన గింజలూ గొర్రెల పాలవుతాయి. తన ప్రాంతంలో మేత అడుగంటగానే పాలమూరు కాపరి మందను తోలుకుని కృష్ణా తీరపు వరిపొలాల దాకా నడిచి, మళ్ళీ వానలకు ఇల్లు చేరతాడు. కంచె లేదు, బ్యాటరీ లేదు, రంగు రంగుల పటం లేదు. పైగా ఇంతటి వ్యవహారమంతా నోటిమాట మీద నడుస్తుంది. దీన్ని శాస్త్రమంటే విశ్వవిద్యాలయాలు ఏమైపోవాలి? ఈ మధ్య కొందరు ఆసాములు యూరియా బస్తా చాలనుకుని మందను పిలవడం మానేశారు గానీ, అది నేల ఆరోగ్యమనే వేరే శిబిరానికి సంబంధించిన విషయం. దానికి భోజనాల లెక్క వేరు.

మధ్యాహ్న భోజనానికి ముందు జరిగిన మేత ప్రమాదాల పాఠం మాత్రం నిజంగా బాగుంది. చెప్పినది ఒక యువ పశువైద్యురాలు. తొలకరికి మొలిచిన లేత గడ్డిని జీవాలు ఆబగా తింటే చిటుకు రోగం వస్తుందనీ, వానలకు ముందే టీకా వేయించాలనీ ఆమె వివరిస్తే అందరూ చెవులు రిక్కించారు. కోసిన జొన్న మోళ్ళకు వచ్చే లేత పిలకల్లోని విషం సంగతి ఎత్తగానే సగం హాలు ఒక్క గొంతుతో “నాము!” అన్నది. ఆమె నవ్వి, తన పుస్తకంలో ఆ మాట రాసుకున్నారు. శిక్షకులే నేర్చుకోవడం మొదలుపెడితే క్రమశిక్షణ ఏమవుతుందన్న బెంగ కాబోలు, నిర్వాహకుల ముఖాలు కొంచెం ముడుచుకున్నాయి.

అప్పుడే ఆ ముందు వరుస ముసలాయన లేచాడు. “ముక్కలు చేసుడు మంచిగనే ఉన్నది సారూ. ముక్కలు చేసేటందుకు బీడు ఏడున్నది? మందలు మేసే మా ఊరి బంచరాయిల ప్లాట్లయినయి. గుట్టకు రాయి కొట్టే మిషిన్లు వచ్చినయి. అడివి దిక్కు పోతే మొక్కలు పెట్టినం, రావొద్దంటున్నరు.” వక్త ఓపికగా విని, భూమి రెవెన్యూ శాఖ పరిధిలోనిది, గడ్డి మాత్రమే తమ పరిధిలోనిది అని సమాధానమిచ్చారు. ప్రశ్నను నమోదు చేసుకున్నారు కూడా.

ముసలాయన ఫిర్యాదులో పసలేదని నా అభిప్రాయం. పచ్చికను ముక్కలు చేయడంలో మనం ఎవరికీ తీసిపోము. నగరాల చుట్టూ ఏ బీడు చూసినా హద్దురాళ్ళతో, ముప్పై అడుగుల దారులతో, గజాల లెక్కన ముక్కలై కనిపిస్తుంది. విశ్రాంతి సూత్రాన్నయితే అక్కడ సేవరీ కూడా ఊహించనంత నిష్ఠగా పాటిస్తున్నారు. కొన్నవాడు పదేళ్ళయినా అటువైపు తొంగిచూడడు. లోపమల్లా ఒకటే, మేపే వంతు ఇంకా రాలేదు.

ప్రభుత్వం కాపరులను పట్టించుకోలేదన్న మాటా నిజం కాదు. తెలంగాణలో 2017లో మొదలైన పథకం కింద ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున పంచారు. మొదట్లో యూనిట్ ధర 1,25,000 రూపాయలు. అందులో నాలుగో వంతు, అంటే 31,250 రూపాయలు, లబ్ధిదారు వాటా. ఆ 21 జీవాలు నిలబడి మేసే నేల యూనిట్‌లో భాగం కాదు. అయితే గొర్రెలు కదులుతూ ఉండాలన్న సూత్రాన్ని మాత్రం పథకం గట్టిగా పాటించినట్టుంది. వాటిని ఇతర రాష్ట్రాల నుండి తరలించినట్టు చూపిన వాహనాల నంబర్లలో మోటారు సైకిళ్ళవీ, ఆటోలవీ, అంబులెన్సులవీ ఉన్నాయని కాగ్ తనిఖీలో తేలింది. గొర్రె అంబులెన్సులో ప్రయాణించడం దాని ఆరోగ్యం పట్ల శ్రద్ధే కదా అని నేను సరిపెట్టుకున్నాను.

మేకలకు ఇచ్చిన శిక్షణ ఇంకా కఠినమైనది. 2019 సెప్టెంబరులో హుజూరాబాద్‌లో, నాటిన మొక్కలను మేసిన నేరానికి రెండు మేకలను పోలీసు స్టేషన్‌కు తరలించారు. యజమాని 1,000 రూపాయల జరిమానా కట్టాక గానీ విడిచిపెట్టలేదు. చెట్టుకూ మేకకూ ఉన్న తరతరాల సంబంధం ఒక్క రోజులో, ఒక్క రశీదుతో చక్కబడడం ప్రపంచంలో మరే విద్యాసంస్థకూ సాధ్యం కాలేదు.

ఇక్కడ ఒక పాత తరగతిని గుర్తు చేయకుండా ఉండలేను. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి, వాటిని తిరిగి గ్రామస్థులకు అప్పగించేందుకు పథకాలు తయారు చేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న, జగ్పాల్ సింగ్ కేసులో, అన్ని రాష్ట్ర ప్రభుత్వాలకూ పాఠం చెప్పింది. విద్యార్థులందరూ బాగా చదువుకున్నవారే. హాజరు పట్టీ కూడా నిండుగానే ఉండి ఉంటుంది. ఇంటిపని ఎవరు ఎంతవరకు చేశారో చూడాలంటే మీ ఊరి బంచరాయి దాకా నడిచి వెళ్ళండి. దారి గుర్తులేకపోతే వెంచర్ బోర్డులు చూపిస్తాయి.

రెండో రోజు సాయంత్రం పరీక్ష పెట్టారు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు గడులు, రాయలేనివారు నోటితో చెప్పవచ్చు. ఏడో ప్రశ్న: మేపిన బీడుకు ఎన్ని రోజుల విశ్రాంతి ఇవ్వాలి? పదిహేను, ముప్పై, నలభై అయిదు, అరవై. నేను తెర మీద చూసినది గుర్తుంచుకుని నలభై అయిదు గడిలో టిక్కు పెట్టాను. పక్కన ముసలాయన, “వానను బట్టి సారూ. చెలకది ఒక తీరు, రేగడిది ఒక తీరు,” అన్నాడు. పర్యవేక్షకుడు నాలుగు గడులనూ రెండుసార్లు వెతికి, ఆ జవాబుకు చోటు లేదని ఖాళీగా వదిలేశాడు.

నాకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. సుస్థిర మేత నిర్వహణలో ప్రథమ శ్రేణి. ముసలాయన తప్పాడు. ఆయనలాంటి వారి కోసం జనవరిలో మళ్ళీ పరీక్ష ఉంటుందని దయతో ప్రకటించారు. అప్పటికి ఆయన మంద కృష్ణ అవతల, కోసిన వరి మళ్ళలో ఉంటుంది కనుక గైర్హాజరు వేస్తారు.