రేకు మీది, తల ఎవరిది?

ఈదురుగాలి వీచిన ప్రతిసారీ నగరంలో ఇదే వరస. కూలిన చెట్లు, ఎగిరిన రేకులు, తెగిన తీగలు, తెల్లారితే కార్పొరేషన్‌కూ కరెంటువాళ్లకూ శాపనార్థాలు. 2024 మే 26 నాటి గాలివానకు తెలంగాణలో పది మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతైనా సొంత ఆవరణను తేరిపార చూసుకున్నవారెందరు? గాలి మనిషి చేతిలో లేదనేవారున్నారు, నిజమే. డాబా రేకుల మీద ఇటుకలు పేర్చింది మాత్రం గాలి కాదు.

రేకును ఆపేది బరువు కాదు, బిగింపు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అంచు కింద దూరి రేకును లేపుతుంది, మీది ఇటుక వీధిలో పడుతుంది. పోయేది ఇంటివారి తల కాదు, దారినపోయేవాడిది. జే హుక్కు బోల్టులతో రేకును పైపుకు పట్టించాలి. అంచుల్లో, మూలల్లో లాగుడు ఎక్కువ కనుక అక్కడ దగ్గరదగ్గరగా వేయాలి. ఎండకు రబ్బరు వాషరు పగిలితే నీళ్లు దిగి రంధ్రం తుప్పు పడుతుంది, వెడల్పై చివరికి బోల్టు తలలోంచే రేకు ఊడివస్తుంది. ఏటా మార్చిలోనే పానా పట్టుకుని చూడాల్సింది ఇదే.

వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండితే టన్ను, ఖాళీ అయితే ఇద్దరు ఎత్తేంత. గాలి సూచన రాగానే నింపండి. గ్రీన్ నెట్ విప్పి చుట్టేయండి. పిట్టగోడ మీది కుండీలు కిందికి దించండి.

చెట్ల విషయంలో మరీ అన్యాయం. తురాయి కొమ్మ పెళుసు, అందరికీ తెలుసు. కానీ చాలా చెట్లు కూలేది మొదలు దాకా సిమెంటు పోసినందుకు, పైపుల కోసం ఒక పక్క వేళ్లు నరికినందుకు. తీగల వైపు కొమ్మలే కొట్టేస్తే బరువంతా అవతలికి వాలుతుంది. తల నరికితే వచ్చే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు. ఎండిన, ఒరుసుకునే కొమ్మలను మాత్రమే తీయించాలి. ముందు మానుకు అడుగు దూరంలో కొమ్మకు కింది నుంచి గాటు, తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి కోత, చివరికి మాను దగ్గర మిగిలిన మొండి ముక్క కోత. లేకపోతే విరిగే కొమ్మ మాను బెరడును కూడా చీల్చుకుపోతుంది. కరెంటు తీగకు తగిలే కొమ్మ జోలికి వెళ్లకుండా కరెంటువాళ్ల నంబరు 1912కు ఫోన్ చేయండి. చెట్టునే కొట్టేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి తప్పదు. గాలి పేరు చెప్పి పచ్చని మానును నరికించడం కుదరదు.

వాతావరణ కేంద్రం తక్షణ హెచ్చరిక మహా అయితే మూడు గంటల ముందు వస్తుంది. ఆ కాస్త సమయంలో కుండీలు దించవచ్చు, బోల్టులు బిగించలేం. గేటు ముందు గ్రానైట్‌కు లక్షలు పోసి, హుక్కులకు వందలు లెక్కచూసే ఇంటివారు ఒకటి తెలుసుకోవాలి. వారి ఇటుక పక్కింటి పిల్లాడి నెత్తిన పడిన రోజు కార్పొరేషన్‌ను తిట్టే హక్కు వారికి లేదు.